పెళ్లయితే తగ్గే నొప్పి కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా చెల్లికి పదో క్లాస్ నుంచీ నెలనెలా పొత్తికడుపులో భరించలేని నొప్పి, ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా 'పెళ్లయితే అదే తగ్గిపోతుందమ్మా' అనడం, పెయిన్ కిల్లర్ రాసి పంపేయడం. చివరికి 26 ఏళ్లకి ల్యాపరోస్కోపీ (చిన్న కోత పెట్టి కెమెరాతో కడుపు లోపల చూడటం) చేస్తే తెలిసింది ఎండోమెట్రియోసిస్ అని, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది గర్భసంచి బయట కూడా పెరగడం. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఉండే జబ్బిది, స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన లేదని కాదు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో నేర్పే ఏట్‌కామ్ క్లాసులు పెట్టారుగా, ఆడవాళ్ల నొప్పిని టెన్షన్ అనో నాటకం అనో కొట్టిపారేసే అలవాటు గురించి అందులోనే కేసులతో సహా చెప్పొచ్చు (మమ్మల్ని అలా పంపేసిన వాళ్లలో ఇద్దరు లేడీ డాక్టర్లే, మగాళ్లనే అనడానికీ లేదు). నొప్పి వల్ల కాలేజీ మానేస్తున్నావా అని అడగడానికి ఎంతసేపండీ?

- ఒక పాఠకురాలు, కాకినాడ