కదలని జా

బుజ్జమ్మా,

నిన్న నువ్వు అడిగింది ఫోన్‌లో చెప్తే బుర్రకెక్కదు, అందుకే రాస్తున్నా. బ్లాక్ నాలుగు ముఖాలూ మిల్లింగ్ మిషన్ మీద చెక్కి మూలమట్టం, అదే ట్రై స్క్వేర్, పెడితే సందులోంచి వెలుతురు కనిపిస్తోందన్నావు. పక్క మిషన్ పిల్లోడు జాబ్‌ను (చెక్కే ముక్కను) పట్టుకునే వైస్‌ను ఇంకా గట్టిగా బిగించమన్నాడన్నావు. వాడి మాట వినొద్దు. బిగువు చాలక వచ్చిన తేడా కాదది.

వైస్‌కు రెండు జాలు, అంటే దవడలు, ఉన్నా నమ్మాల్సింది కదలనిదాన్నే. కదిలే జా బిగించేకొద్దీ కాస్త పైకి లేస్తుంది, జాబ్‌నూ లేపుతుంది. అందుకే మొదట సాపు చేసిన ముఖాన్ని కదలని జాకే ఆనించు. అవతలి ముఖం ఇంకా గరుకుగానే ఉంటుంది కదా, దానికీ కదిలే జాకూ మధ్య గుండ్రటి రాడ్డు ముక్కను జా పొడవునా పడుకోబెట్టు, జాలు పట్టుకున్న ఎత్తులో సగం దగ్గర. ఒత్తిడంతా ఒక్క గీత మీద పడి, సాపు ముఖం కదలని జాకు పూర్తిగా అంటుకుంటుంది. అప్పుడు కొట్టిన రెండో ముఖం మొదటిదానికి స్క్వేర్‌గా, అంటే 90 డిగ్రీల్లో, వస్తుంది. మూడోదానికి మొదటి ముఖం అదే జాకు, రెండోది కింద పారలెల్స్ (ఒకే ఎత్తున్న జత పట్టీలు) మీద.

అంతకంటే ముందు ఆ జానే డయల్ గేజ్ (సన్న తేడాను ముల్లుతో చూపేది) పెట్టి చూసుకో. టేబుల్‌ను అటూ ఇటూ జరిపితే 100 మిల్లీమీటర్లకు 0.02 మిల్లీమీటర్ దాటి ముల్లు కదిలిందంటే వైస్‌నే సరిచెయ్యాలి. జాబ్ అంచుల్లో లేచిన బర్ (పదునైన గరుకు) ఫైల్‌తో తీసెయ్, చిప్స్ (కోత రజను) బ్రష్‌తో దులుపు. గాలి కొట్టొద్దు, కంట్లో పడతాయి. ఒక్క చిప్ కింద ఉండిపోయినా జాబ్ వంగి కూర్చుంటుంది.

పారలెల్స్ మీద పెట్టి బిగించాక మెత్తటి సుత్తితో జాబ్ మీద తట్టు. ఇత్తడిదో నైలాన్‌దో చాలు. పారలెల్స్‌ను వేలితో కదిపి చూడు, కదలకపోతే కూర్చున్నట్టే. తట్టిన తర్వాత మళ్లీ హ్యాండిల్ తిప్పావంటే జాబ్ మళ్లీ లేస్తుంది. చాలామంది అక్కడే చెడగొట్టుకుంటారు. హ్యాండిల్‌కు పైపు తొడగడం, సుత్తితో కొట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చవు.

సన్న జాబ్‌ను జా ఒక చివర పట్టిస్తే కదిలే జా వంకర పోతుంది. రెండో చివర అంతే మందం ముక్క పెట్టు. కోత బలం కూడా కదలని జా మీదికే పోయేట్టు చూసుకో.

ఇక్కడ అనంతపురంలో మన షెడ్‌కు వచ్చేవి బోరు మోటార్ల పనులు, చెనక్కాయలు ఒలిచే మిషన్ల షాఫ్టులే ఎక్కువ. షాఫ్ట్‌కు కీవే (కీ కూర్చునే గాడి) కొట్టేటప్పుడు షాఫ్ట్‌ను నేరుగా వైస్‌లో పట్టను, వీ ఆకారపు గాడి ఉన్న వీ-బ్లాక్‌లోనే పెడతాను. నువ్వూ అంతే చెయ్.

అమ్మ చెనక్కాయల పొడి కట్టి పెట్టింది, శనివారం బస్సుకు పంపుతాను. ఈసారి స్క్వేర్ ఎట్లా వచ్చిందో రాత్రి తొమ్మిది తర్వాత ఫోన్ చెయ్, షెడ్ మూసి ఇంట్లోనే ఉంటాను.

మీ నాయన