ముందు ఒక కన్ను మూసి పరీక్షించండి

సంపాదకుడు గారికి,

ఆటలతో కంటి చూపుకు శిక్షణ ఇస్తున్నారంటూ మీ పత్రిక జిల్లా పేజీలో పది రోజుల క్రితం వచ్చిన వార్త చదివినప్పటి నుంచి ఆగలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. బిడ్డ తెర మీద బొమ్మలు చూస్తూ ఉంటే, చూపు ఎటు పోతోందో కెమెరా కనిపెట్టి మందగించిన కంటికి పని చెబుతుందన్న మాట నిజమే, సంతోషించదగినదే. కానీ ఆ కన్ను మందగించిందని ముందుగా కనిపెట్టవలసినది ఎవరు?

మా మనవరాలికి ఎనిమిదేళ్లు నిండాక గానీ ఎడమ కన్ను సరిగా పనిచేయడం లేదని మాకు తెలియలేదు. తిరుపతిలో డాక్టరు గారు కుడి కన్ను మూయగానే, ఆ బిడ్డ గోడ మీది పెద్ద అక్షరం కోసం మెడ ముందుకు చాచి వెతుక్కుంది. అంతకు రెండేళ్ల ముందే బడిలో కంటి పరీక్ష జరిగింది. చూపు బాగుందని రాసిచ్చిన కార్డు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆరా తీస్తే, వరండాలో చార్టు తగిలించి, పిల్లలను వరుసగా నిలబెట్టి, రెండు కళ్లతోనూ చదివించారని తెలిసింది. ముందున్నవారు చదివింది విని వెనుకనున్నవారు అప్పజెప్పారట.

వైద్యులు ఆంబ్లియోపియా అనీ, వాడుకలో లేజీ ఐ అనీ పిలిచే ఈ లోపం ఎక్కువగా మెల్ల వల్ల గానీ, రెండు కళ్ల పవర్‌లో బాగా తేడా ఉండడం వల్ల గానీ వస్తుంది. మెదడు ఒక కంటి బొమ్మను పక్కన పెట్టి, రెండో కంటితోనే పని కానిస్తుంది. బాగున్న కన్ను తెరిచి ఉన్నంతసేపు ఇది ఎవరికీ, ఆ బిడ్డకు కూడా, తెలియదు. ఏడేళ్లలోపు పట్టుకుంటే చికిత్సకు తొందరగా లొంగుతుంది. ఆ తర్వాత అసాధ్యం కాదు గానీ కష్టం. మా మనవరాలికి బాగున్న కంటిని మూసే అతుకు, అంటే ప్యాచ్, రోజుకు రెండు గంటలు వేయమన్నారు. మేము అటు తిరగగానే పీకి మంచం కోడుకు అంటించేది. ఒకనాడు అక్కడ నాలుగు ప్యాచ్‌లు వరుసగా కనిపించాయి.

అందుకే ఆటల చికిత్సను నేను తక్కువ చేయను. ఇజ్రాయెల్‌లో తయారైన క్యూర్‌సైట్ అనే, చూపు ఎటు పోతోందో కనిపెట్టే (ఐ ట్రాకింగ్) పరికరానికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. బాగున్న కన్ను చూసే చోటును అది మసకబార్చి, రెండో కన్ను కూడా చూసేలా చేస్తుంది. అయితే అన్ని ఆటలూ ఒకటి కావు. అమెరికాలో 385 మంది పిల్లలపై జరిపి 2016లో ప్రచురించిన పరిశోధనలో, రోజుకు గంటసేపు ఐప్యాడ్ ఆట ఆడించడం రెండు గంటల ప్యాచ్‌కు సాటి అని తేలలేదు. ఆడిన సమయం నమోదైన వారిలో, చెప్పిన దానిలో ముప్పాతిక వంతుకు మించి ఆడినవారు నూటికి 22 మందే. మీ వార్తలో ఈ సంగతి ఒక్క వాక్యమైనా లేకపోవడం బాధ కలిగించింది. ఫోనులో ఏదో ఒక ఆట పెట్టిస్తే చాలునని తల్లిదండ్రులు అనుకునే ప్రమాదం ఉంది.

ముప్పయ్యేళ్లు బడిలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, అధికారులకు కావలసింది ఎంతమందికి పరీక్ష పూర్తయిందన్న అంకె మాత్రమే. ఎలా చేశారని అడిగేవారు లేరు. ఒక్కో కన్నును అరచేత్తో మూసి విడివిడిగా చూడడానికి పరికరమూ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు, ఇంకొక నిమిషం చాలు. వచ్చే విద్యా సంవత్సరం నుంచైనా కుడి కంటికి ఒక గడి, ఎడమ కంటికి ఒక గడి ఉన్న కార్డులు అచ్చువేయించాలని జిల్లా విద్యా, ఆరోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా మనవరాలి కార్డులో చూపుకు ఉన్నది ఒకే గడి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చంద్రగిరి, తిరుపతి జిల్లా