అత్తయ్యను చూసుకోవడం నేర్పిన వారికి కృతజ్ఞతలు

మా అత్తయ్యకు డిమెన్షియా, అంటే మతిమరుపు వ్యాధి, అని తెలిసి ఈ శ్రావణమాసానికి మూడేళ్లు నిండాయి. అందులో మొదటి ఏడాదిన్నర మా ఇల్లు ఎలా నడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు దుఃఖం ఆగదు. తరువాతి ఏడాదిన్నర వేరుగా గడవడానికి కారణమైన వారికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దవారిని ఇంట్లో చూసుకునే కుటుంబాల కోసం రాజమహేంద్రవరంలో ఎనిమిది శనివారాలు, వారానికి రెండు గంటల చొప్పున, రూపాయి తీసుకోకుండా శిక్షణ ఇచ్చిన నర్సు గారికి నా మొదటి నమస్కారం. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆమె కోరారు కనుక, మేమందరం పిలిచినట్టే సిస్టర్ గారు అని రాస్తాను.

వ్యాధి నిర్ధారణ దగ్గర లోపమేమీ జరగలేదు. థైరాయిడ్, బి12 పరీక్షలు చేశారు, స్కానింగ్ తీశారు, డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ అని చెప్పి డోనెపెజిల్ అనే మాత్ర రాశారు. మూడు నెలల తరువాత మళ్లీ రమ్మన్నారు. షుగరు ఉందని తేలిన మనిషికి ఏం తినాలో, ఏం మానాలో కాగితం మీద రాసిచ్చి పంపుతారు. మాకు మాత్రం ఇంటికి వెళ్లాక ఆమెతో ఎలా మాట్లాడాలో, ఎలా స్నానం చేయించాలో, రాత్రి తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అడగాలన్న సంగతి మాకూ తెలియలేదు. ఆ ఒక్క లోటు వల్ల ఏడాదిన్నర పాటు ఆ పెద్దావిడ, మేము కూడా, పడనవసరం లేని బాధ పడ్డాం.

ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అత్తయ్య లేచి చెంబు కోసం వెతికేది. గేదెకు కుడితి పెట్టాలి, పాలు పితకాలి అని కంగారు పడేది. గేదెను ముప్పై ఏళ్ల కిందటే అమ్మేశామని నేను రోజూ నచ్చజెప్పేదాన్ని. నిజం చెబితే ఊరుకుంటుందనుకున్నాను. ఆమె మాత్రం ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్టు, తనను అడగకుండా ఎవరు అమ్మారని ఏడ్చేది. ఒకే దుఃఖాన్ని ఒక మనిషికి రోజూ కొత్తగా ఇస్తున్నానని నాకు తట్టనే లేదు.

సిస్టర్ గారి తరగతులకు ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి కుటుంబాల కోసమే తెచ్చిన ఐసపోర్ట్ అనే శిక్షణ పాఠాలు. వ్యాధి అంటే ఏమిటి, సంరక్షకుల బాధ్యత ఏమిటి, సంరక్షకులు తమను తాము ఎలా చూసుకోవాలి, రోజువారీ పనులు ఎలా చేయించాలి, ప్రవర్తనలో వచ్చే మార్పులను ఎలా ఎదుర్కోవాలి అని వాటిలో ఐదు భాగాలు ఉన్నాయి. ఆమె వాటిని పుస్తకంలో ఉన్నట్టు చదివి వినిపించలేదు. మా ఇళ్లలో జరిగేవాటిని మా చేతనే చెప్పించి, మాలో ఒకరిని పెద్దావిడగా, ఒకరిని కోడలిగా కూర్చోబెట్టి, అదే సంభాషణను రెండు విధాలుగా చేయించారు. నేను అత్తయ్య స్థానంలో కూర్చున్నప్పుడు, ఎదుటి ఆవిడ నా ప్రతి మాటనూ సరిదిద్దుతుంటే ఐదు నిమిషాలకే నాకు ఊపిరాడలేదు.

గేదె విషయంలో ఆమె చెప్పినది చాలా చిన్న మాట. గేదె ఉందో లేదో తేల్చడం మన పని కాదు, ఆ వేళకు ఆమె చేతులు పని కోసం వెతుకుతున్నాయని గ్రహించండి అన్నారు. ఆ రోజు నుంచి చీకటి పడకముందే ఇంట్లో లైట్లన్నీ వేస్తున్నాం, ఎందుకంటే మసక వెలుతురు, నీడలు, పగటి అలసట కలిసి ఇలాంటి వారిలో సాయంత్రపు కలవరాన్ని పెంచుతాయట. అత్తయ్య ముందు చేటలో చిక్కుడుకాయలు పోసి, ఈనెలు తీస్తుంటే ఆ గేదె పూటకు ఎన్ని పాలిచ్చేదని అడుగుతాను. ఆమె చెబుతుంది. మా పెళ్లికి ముందు ఆ ఇల్లు ఎలా ఉండేదో నాకు తెలిసినదంతా ఆ చిక్కుడుకాయల దగ్గర విన్నదే. అన్ని సాయంత్రాలూ ఇలా సాఫీగా గడుస్తాయని చెప్పను. గడవని రోజున ఆమె చెయ్యి పట్టుకుని వీధి చివరి దాకా నడిచి వస్తాం.

స్నానం దగ్గర గొడవకు సగం కారణం అద్దం. స్నానాలగదిలో ఇంకెవరో ఆడమనిషి నిలబడి తనను చూస్తోందని ఆమె భయపడేదని సిస్టర్ గారు అడిగిన ప్రశ్నల వల్లనే మాకు అర్థమైంది. అద్దం మీద తువ్వాలు కప్పాం. తల మీద పడే షవరు మాని, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పెట్టి, భుజాల మీద పొడి తువ్వాలు ఉంచి, ముందు పాదాల మీద పోసి, చేయబోయే ప్రతి పనినీ ఒక్కొక్క చిన్న మాటలో చెబుతూ చేయిస్తున్నాం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టినది గాజుల నింద. తన బంగారు గాజులు నేనే తీశానని అత్తయ్య వచ్చినవారందరితో చెప్పేది, కొందరు బంధువులు నమ్మారు కూడా. తరగతిలో ఈ సంగతి చెబుతూ నేను ఏడుస్తుంటే మరో ముగ్గురు కోడళ్లు, ఒక కూతురు తమ ఇంట్లోనూ ఇదే జరుగుతోందన్నారు. దాచిన చోటు జ్ఞాపకం లేనప్పుడు ఆ ఖాళీని మనసు ఏదో ఒక కథతో నింపుకుంటుందని, ఆ కథలోకి ఎప్పుడూ దగ్గరుండే మనిషే వస్తుందని సిస్టర్ గారు వివరించారు. నేను తీయలేదని వాదించడం మానేసి, పదండి అత్తయ్యా, ఇద్దరం వెతుకుదాం అనడం నేర్చుకున్నాను. గాజులు బియ్యం డబ్బాలో దొరికాయి. హైదరాబాదులో ఉన్న మా ఆడపడుచును కూడా ఒక తరగతికి ఫోనులో కూర్చోబెట్టమని సిస్టర్ గారే అడిగారు. ఆ తరువాత వదినగారు నాతో మాట్లాడిన తీరు మారింది. దానికి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ఇక నేను ముఖ్యంగా చెప్పవలసినది కిందటి మాఘమాసంలో జరిగిన సంగతి. రెండు రోజుల్లో అత్తయ్య పూర్తిగా మారిపోయింది. పగలంతా మగతగా ఉంది, అన్నం ముట్టలేదు, మా వారిని గుర్తుపట్టలేదు. చూసినవారంతా జబ్బు ముదిరిందని, ఇక చేసేదేమీ లేదని అన్నారు. డిమెన్షియా నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది తప్ప రెండు రోజుల్లో ముదరదని, అలా జరిగితే వేరే కారణం వెతకాలని ఐదో తరగతిలో రాసుకున్న మాట నాకు గుర్తుకొచ్చి సిస్టర్ గారికి ఫోను చేశాను. జ్వరం ఉందా, నీళ్లు తాగుతోందా, విరేచనం అయి ఎన్ని రోజులైంది, జలుబు మాత్రగాని నిద్రమాత్రగాని కొత్తగా ఏదైనా ఇచ్చారా అని వరుసగా అడిగి, వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి మూత్ర పరీక్ష సంగతి అడగమన్నారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది. మందులు వాడిన వారం రోజులకు అత్తయ్య లేచి కూర్చుని నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆ తరగతికి వెళ్లి ఉండకపోతే మేము మంచం పక్కన కూర్చుని ఎదురుచూస్తూ ఉండేవాళ్లమేమో.

ఆదివారం పూట మూడు గంటలు అత్తయ్య దగ్గర కూర్చుని నన్ను బయటికి పంపే మా పక్కింటి పిన్నిగారికి, సంరక్షకురాలు పడిపోతే ఇద్దరూ పడిపోతారని తరగతిలో విన్న నాటి నుంచి రాత్రి బాధ్యత తీసుకున్న మా వారికి కూడా కృతజ్ఞతలు.

మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వారిలో అత్యధికులను చూసుకునేది ఇంట్లోని ఆడవాళ్లే. మాత్ర రాసే రోజునే ఇలాంటి శిక్షణ ఎక్కడ దొరుకుతుందో కూడా రాసివ్వమని డాక్టర్లందరినీ చేతులు జోడించి వేడుకుంటున్నాను. దగ్గరలో తరగతులు లేనివారు పెద్దల సహాయవాణి 14567కు గాని, మనసు కుంగిపోయినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు గాని ఫోను చేయవచ్చు.

సిస్టర్ గారూ, వచ్చే నెల మొదలయ్యే కొత్త తరగతిలో వచ్చి మాట్లాడమని మీరు అడిగారు. తప్పకుండా వస్తాను. ఆ శనివారం అత్తయ్య దగ్గర తాను ఉంటానని మా వారు చెప్పారు. నా నోటుపుస్తకం కూడా తెస్తాను, కావలసినవారు రాసుకోవచ్చు.