సైకిలు చూసేటప్పుడు ఈ కాయితం జేబులో పెట్టుకో

చిన్నోడా,

నేను బాగుండా. డ్యూటీ ఎప్పటి మాదిరే, దాని గురించి రాసేదేం లేదు. అమ్మకు చెప్పు, జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా కువైట్‌లో పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని గవర్నమెంటు రూలే ఉంది. కొడుకు ఎండకు మాడిపోతాండాడని ఏడ్వొద్దను. మే నెలలో మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడు ఆమె తినే ఎండ తక్కువదా ఏంది?

నువ్వు కొనాలనుకునే పాత సైకిలు సంగతికి వస్తా. నీకు మోటారు బండి కొనియ్యలేదని నాయన గొణుగుతాండాడని నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. మన కడపలో ఎర్రముక్కపల్లె నుంచి ఏడురోడ్ల కాడికి రెండు మూడు కిలోమీటర్లు. దానికి కంతుల మీద బండి ఎందుకురా? జేజి మందులు, ఇంటి బాడుగ లెక్కేసి అప్పుడు మాట్లాడమను. సరే, ఆ మాట వద్దులే.

ఫోన్‌లో చెప్తే ఊ కొట్టి మర్చిపోతావు. అందుకే రాస్తాండా.

నువ్వు పంపిన రెండు సైకిళ్ళ ఫోటోలూ చూసినా. గేర్ల సైకిలు వద్దు. ముందర షాకబ్జర్ ఉందని మురిసిపోయినావు గానీ, పాతబడినాక అది ఎగరదు దిగదు, ఊరికే బరువు. వెనక గేరు వేలాడే ఇనుప ముక్క కొంచెం వంగినా గేర్లు జారతాయి, ఒక్కోసారి పోయి చక్రం పుల్లల్లో (స్పోకుల్లో) ఇరుక్కుంటాది. దాని చైను సన్నం, మూల మీద రిపేరు అంగట్లో దొరికే మామూలు చైను దానికి పట్టదు. మనకు మిట్టలెక్కే దారి కూడా కాదు.

నల్ల అట్లాసే చూడు. ఆ కంపెనీ 2020లో ఫ్యాక్టరీ మూసేసిందని భయపడొద్దు. పాత రకం పెద్ద సైకిళ్ళకు చైను, టైరు, ఫ్రీవీలు (వెనక చక్రానికి ఉండే పళ్ళ బిళ్ళ), కాటర్ పిన్ను (పెడలు కాడను ఇరుసుకు బిగించే మేకు) ఏ కంపెనీవైనా దాదాపు ఒకే కొలత. నీ ఎత్తుకు 22 అంగుళాల ఫ్రేము సరిపోతాది, 24ది ఎక్కితే కాలు నేలకందదు.

మొట్టమొదట ఫ్రేము. అన్నీ మార్చుకోవచ్చు, అది పోతే సైకిలే పోయినట్టు. హ్యాండిలు గొట్టం కింద, ముందు గొట్టాలు కలిసే చోట వేలితో తడిమి చూడు. రంగు ముడతలు పడింటే, లేదా ఆ ఒక్క చోటే కొత్త రంగు పూసింటే, ఎదురుగా దేనికో గుద్దించినట్టు. అమ్మ మిషను దారం తీసుకొని పో. వెనక ఇరుసు కాడ ఒక పక్క కట్టి, హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క ఇరుసు కాడికి తెచ్చి బిగించు. సీటు కింది గొట్టానికీ దారానికీ మధ్య సందు రెండు పక్కలా స్కేలుతో కొలువు. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే ఏం కాదు. అంతకు మించితే వెనక చక్రం ఓరగా పోతాది, టైరు ఒకే పక్క అరుగుతాది. నవ్వితే నవ్వనీ, దారం కట్టే చూడు.

తర్వాత చక్రాలు. ముందర 32 పుల్లలు, వెనక 40 ఉండాలి, లెక్కపెట్టు. ఒక్కో పుల్లను గోటితో మీటు, చప్పగా పలికేది వదులు. వెనక ఫ్రీవీలు పక్క పుల్లలు ముందు తెగుతాయి, బిగువంతా ఆ పక్కే ఎక్కువ. బ్రేకు రబ్బరు కాడ అగ్గిపుల్ల ఆనించి చక్రం తిప్పు. అటూ ఇటూ ఊగితే బెండు తీయించొచ్చు. పైకీ కిందికీ ఎగిరితే రిమ్ము సొట్ట పడినట్టు, అది మార్చాల్సిందే.

ఇంక పెడలు కాడ. రెండు క్రాంకులూ, అంటే పెడళ్ళు తగిలించే ఇనుప కాడలు, ఒకే గీతలో ఉండాయా చూడు. ఒకటి కొంచెం వంగినట్టు కనపడితే, తొక్కేటప్పుడు చుట్టుకొకసారి టక్ మంటే, కాటర్ పిన్ను అరిగింది. రెండు పిన్నులూ కొత్తవి వేయించు, ఒకటే మారిస్తే గీత కుదరదు. కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనుప దిమ్మె ఆసరా పెట్టమను. లేకుంటే సుత్తి దెబ్బంతా లోపలి గుండ్ల మీదికి పోతాది. వదులు పిన్నుతోనే తొక్కితే క్రాంకు బొక్కే పాడైతాది, అప్పుడు ఖర్చు పెద్దది.

క్రాంకు పట్టుకొని అడ్డంగా ఊపు. లూజుంటే ఇరుసు గుండ్లు కూర్చునే గిన్నెలు బిగించి చూడాలి. బిగించినాక తిప్పితే గరగరమంటే గుండ్లు, గిన్నెలు రెండూ పోయినట్టే.

చైనుకు నీ 12 అంగుళాల స్కేలు చాలు. ఒక పిన్ను నడుమ సున్నా పెట్టి 24 గళ్ళు లెక్కపెట్టు, కొత్త చైనైతే పిన్ను నడుమ సరిగ్గా 12 మీద పడతాది. అర నూలు (అంగుళంలో పదహారో వంతు) దాటితే చైను మార్చు. నూలు దాటితే చైను తిరిగే పళ్ళు కూడా అరిగినట్టే, పాత పళ్ళ మీద కొత్త చైను నిలబడదు. తొక్కుతాంటే ఒక్కసారిగా కాలు ఖాళీగా పోతే ఫ్రీవీలు. లోపల దుమ్ము, ఎండిన గ్రీజు చేరి పట్టుకునే ముక్కలు లేచి రావు. డీజిల్‌తో కడిగి పల్చని మిషను ఆయిలు వేయాలి, గ్రీజు కాదు.

బ్రేకు: దిగి నడిపిస్తా ముందర బ్రేకు గట్టిగా పట్టు. వెనక చక్రం లేవాలి. రబ్బరు గాజు మాదిరి మెరుస్తాంటే గరుకు కాగితంతో రుద్దు. మెరుగు రిమ్ముకు వానలో బ్రేకు సరిగా పట్టదు, ఆ పొద్దు నిదానంగా పో. అమ్మకు ఈ ముక్క చదవొద్దు.

టైరు పక్కన పగుళ్ళుంటే ఎండలో నిలబెట్టిన సైకిలు. టైరు కొనేటప్పుడు పాతదాని మీద అంకె చూసి అదే అడుగు. దీనికి 28×1½. 26 అని ఉండేవాటిలో 26×1⅜ వేరు, 26×1.95 వేరు, ఒకదాని రిమ్ముకు ఇంకోటి ఎక్కదు. ట్యూబుకు నాలుగైదు ప్యాచీలుంటే కొత్తది వేసేయి, మన ఎండకు పాత ప్యాచీ అంచులు లేస్తాయి. కంపముల్లు గుచ్చుకున్నప్పుడు టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తడుము. విరిగిన మొన లోపలే ఉంటే మళ్ళీ అక్కడే పంచరు.

వీటిలో మార్చాల్సినవి రాసుకొని, కొత్త సామాను ధర, ఓవరాయిలింగ్ కూలి కలుపుకొని, అమ్మేటాయన చెప్పే రేటులోంచి తీసెయ్. అప్పుడు బేరమాడు. ఫ్రేము నంబరు గీకేసింటే ఉచితంగా ఇచ్చినా వద్దు. నంబరు వేసి, ఆయన పేరు, సంతకంతో చీటీ రాయించుకో. దొంగ సైకిలని అనుమానించాల్సి ఉండి కూడా కొంటే కేసు మన మీదికే వస్తాది.

అమ్మ మోకాళ్ళకు యాక్స్ ఆయిలు రెండు సీసాలు ఈ ఉత్తరంతోనే పంపుతాండా. జేజికి కళ్ళ చుక్కలు అయిపోయేదాకా ఆగొద్దు, ముందే చెప్పు. శుక్రవారం ఫోన్ చేస్తా, నాకు ఎనిమిదైతే మీకు పదిన్నర. నాయనను నిద్రపోకుండా ఉండమను. కోపంగా ఉంటే పర్వాలేదు, మాట్లాడమను.

ఇట్లు,
మీ అన్న

మర్చిపోయినా. ఎడమ పెడలు మర రివర్సు. విప్పాలంటే కుడికి తిప్పాలి. మామూలుగా బిగించినట్టే మర ఎక్కిస్తే క్రాంకు మరే పోతాది, ఎవురు విప్పినా పక్కన నిలబడి చూడు.