వానాకాలమని లడ్డూను కట్టేయొద్దమ్మా

లీడ్స్,
జూలై

అమ్మా,

నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. వానలు మొదలయ్యాక మన లాబ్రడార్ కుక్క లడ్డూను బయటికి తీసుకెళ్ళడం మానేశారనీ, రోజంతా వరండాలో గొలుసుతోనే ఉంటోందనీ మొన్న ఫోన్‌లో అన్నావు. అప్పటినుంచీ మనసు దాని మీదే ఉంది.

నీ విసుగులో న్యాయం ఉంది. వీధి చివర ఖాళీ ప్లాటులోని ఎర్రమట్టి దాని కాళ్ళకు పట్టిందంటే హాలంతా మరకలే. తుడిచేది నువ్వు, నడుం పట్టేసేది నీకు. అందుకే నాన్నకూ తమ్ముడికీ ఈ ఉత్తరం చదివి వినిపించు: వాకింగ్‌కి ఎవరు తీసుకెళ్తే వాళ్ళే గేటు దగ్గర దాని కాళ్ళు కడిగి, తుడిచి లోపలికి తేవాలి. అది నీ పని కాదు.

కానీ లాబ్రడార్‌ను కట్టేసి ఉంచడం మహా పాపం. న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలరుల వెంట నీళ్ళలో ఈదిన కుక్కల సంతతి అది. దానికి రెండు పొరల బొచ్చు, వాన తొందరగా ఒంటికి అంటదు. తిరగకపోతే మాత్రం ఇట్టే ఒళ్ళు చేస్తుంది, ఆ బరువు తుంటి కీళ్ళ మీద పడుతుంది.

ఇక్కడ చలికాలమంతా బురదే. రౌండే పార్కులో ఒక పెద్దాయన తెల్లకుక్క పొట్టదాకా నల్లగా అయి పరుగెత్తుకొచ్చింది. ఆయన ముఖం చిట్లించనైనా లేదు. కారు డిక్కీలోంచి పాత తువ్వాలు తీసి, ముందుకాలు ఎత్తిపట్టుకుని, వేళ్ళ సందుల్లో ఉండకట్టిన మట్టిని మెల్లగా ఒక్కొక్కటీ ఊడదీశాడు. అది తోక ఊపుతూ నిలబడింది. నాకు చాలా ముచ్చటేసింది. అందరూ అలా ఉండరులే, గట్టిగా కసిరేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా మర్నాడు మళ్ళీ అదే బురదలోకి తీసుకొస్తారు.

మన దగ్గర నాకు అసలు టెన్షన్ నిలవనీళ్ళ గురించి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్కకు కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి, మనుషులకూ సోకుతుంది. డ్రైనేజీ పొంగిన చోటికి దాన్ని పోనివ్వకండి, ఆ నీళ్ళు తాగనివ్వకండి. దీనికి టీకా ఉంది, ఏటా వేయించాలి. కాళ్ళు కడిగినవాళ్ళు తమ చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పిడుదులు కూడా చూడండి, చెవుల వెనకా వేళ్ళ మధ్యా నక్కుతాయి. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

రోజూ స్నానం అక్కర్లేదు. ఒంటి మీది మట్టి ఆరాక బ్రష్‌తో దువ్వితే రాలిపోతుంది. కాళ్ళకు మంచినీళ్ళు చాలు, మన షాంపూ వద్దు, దాని చర్మం పొడిబారుతుంది. వేళ్ళ సందులూ చెవులూ తడి లేకుండా తుడవాలి.

కొండాపూర్‌లో కుక్కల కోసమే జీహెచ్‌ఎంసీ 2018లో పార్కు తెరిచింది. వనస్థలిపురం నుంచి అంటే ఊరు ఈ చివరనుంచి ఆ చివరకు పోవాలి, రోజూ కుదరదు. వాన తగ్గిన ఓ ఆదివారం తమ్ముణ్ణి తీసుకెళ్ళమను. మామూలు రోజుల్లో మన వీధి చాలు, ఉదయమూ సాయంత్రమూ.

దాని టీకాల పుస్తకం ఫొటో తీసి తమ్ముణ్ణి వాట్సాప్‌లో పెట్టమను. లెప్టో టీకా తేదీ దాటిపోయి ఉంటే ఈ వారమే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. ఆదివారం ఫోన్ చేస్తాను.

నీ
చిన్ని