మడ అడవిలో ఐదు రోజులు: ఎనిమిదో తరగతి తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిదో తరగతి పిల్లలు కోరంగి మడ అడవిలో ఐదు రోజుల శిబిరం ముగించి తిరిగొచ్చి పది రోజులైంది. బట్టల మీద బురద మరకలు ఇంకా వదలడం లేదని మీలో చాలామంది చెప్పారు. వదలవు. నా చీరకు కూడా వదలలేదు. మడ అడవి బురద మన పొలాల్లో కనిపించే బురద లాంటిది కాదు. రాలిన ఆకులు గాలి సోకని చోట కుళ్లీ కుళ్లీ నల్లబడిన ఒండ్రు అది. దానికి కుళ్లిన కోడిగుడ్డు వాసన ఎందుకు వస్తుందో మీ పిల్లల్ని అడగండి, చెబుతారు. భోజనాల వేళ మాత్రం అడగకండి.

ఈ నెల ఉత్తరంలో వార్షికోత్సవం గురించి రాయాలి. దాని తేదీ, వేళ వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. నాకు ఈ శిబిరం గురించే రాయాలని ఉంది.

మన పిల్లలు గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లు. పుష్కర ఘాట్, హేవలాక్ వంతెన, ధవళేశ్వరం ఆనకట్ట వాళ్లకు ఇంటి పెరడంత పరిచయం. అయినా ఆనకట్ట దాటిన నీళ్లు ఎక్కడికి పోతాయని నవంబరులో తరగతిలో అడిగితే "సముద్రంలోకి" అని ఒక్క మాటలో తేల్చేశారు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చిన నది ఆ చివరి అడుగు అంత సులువుగా వేయదు. గౌతమి పాయ నుంచి కోరంగి, గాడేరు లాంటి చిన్న పాయలు చీలి, ఉప్పునీళ్లతో కలగలిసి, ఎక్కడ నది ఆగి ఎక్కడ సముద్రం మొదలైందో తెలియని చోట మడ చెట్లు పెరిగాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ ప్రాంతం 235 చదరపు కిలోమీటర్లు. మన ఊరి నుంచి బస్సులో రెండు గంటల ప్రయాణం. తరగతిలో అంతకు ముందు దాన్ని చూసినవాళ్లు నలుగురే. వాళ్లు కూడా చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు దిగి వచ్చినవాళ్లే.

బస ఒక మత్స్యకారుల పల్లెలోని తుఫాను షెల్టర్‌లో. కింద గోడలు లేకుండా ఎత్తైన స్తంభాల మీద కట్టిన భవనం. మొదటి రోజు సాయంత్రమే ఒక అబ్బాయి, ఇల్లు ఇలా గాలిలో ఎందుకు కట్టారని అడిగాడు. నేను కోరంగి రేవు కథ మొదలుపెట్టాను. ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు అది, 1839 నవంబరు తుఫానులో ఉప్పెన దాన్ని తుడిచిపెట్టేసింది, అంటూ. పిల్లలు మర్యాదగా విన్నారు. అంతలో మాకు వంట చేసిపెడుతున్న ఆమె పొయ్యి దగ్గర నుంచే, 1996 నవంబరు 6 రాత్రి తాను ఎక్కడ ఉన్నదీ, గాలి ఎలా అరిచిందీ చెప్పడం మొదలుపెట్టింది. "తెల్లారి చూస్తే కొబ్బరితోటలో నీడ లేదు, అంతా ఆకాశమే" అంది. నా పాఠం అక్కడితో ఆగిపోయింది. ఆ రాత్రి అందరూ చాపలు స్తంభాల వైపు జరుపుకుని పడుకున్నారు.

శిబిరంలో బడి గంట లేదు. గోడకు ఆటుపోట్ల పట్టిక అంటించాం. నీళ్లు తీసినప్పుడు బురదలోకి దిగాలి, నీళ్లు ఎక్కినప్పుడు పడవ ఎక్కాలి, ఏ పనీ కుదరని ఎండవేళ పుస్తకం రాసుకోవాలి లేదా నిద్రపోవాలి. రెండో రోజు నీళ్లు తీసింది తెల్లవారుజామున. చలిలో లేవమంటే ముఖాలు ముడుచుకున్నవాళ్లను చూశాను. ఐదో రోజు అదే పనికి ఇడ్లీలు తిని తీరిగ్గా వెళ్లాం. ఈ తేడా ఎందుకు వచ్చిందో మేము చెప్పలేదు. పట్టికలో నీళ్లు తీసే వేళల కాలమ్ మీద కాగితం అతికించి, పాయ ఒడ్డున సెంటీమీటర్ల గీతలు గీసిన గెడ ఒకటి పాతి, మీరే కనుక్కోండి అన్నాం.

జట్లుగా వంతులేసుకుని, పావుగంటకొకసారి గెడ మీద నీటిమట్టం రాసుకున్నారు. నీరు అన్నిటికంటే కిందికి దిగిన వేళ రోజుకు ఎంత ఆలస్యమవుతోందంటే ఒక జట్టుకు 40 నిమిషాలు వచ్చింది, ఇంకో జట్టుకు గంట. పెద్ద తగాదా జరిగింది. ఎవరిది తప్పో తేల్చమని నా దగ్గరికి వచ్చారు. నేను తేల్చలేదు. నాలుగో రాత్రి డాబా మీద కూర్చున్నప్పుడు, మామూలుగా తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి "టీచర్, నిన్న అన్నాలు తింటుండగా చందమామ వచ్చాడు. ఇవాళ తిని, గిన్నెలు కడిగినా రాలేదు" అంది. పౌర్ణమి వెళ్లిన రెండు రోజులకు శిబిరం మొదలుపెట్టింది ఇందుకే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడు కూడా కొంత ముందుకు జరుగుతాడు కాబట్టి, అదే చోటు మళ్లీ చంద్రుడి ఎదుటికి రావడానికి సుమారు 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఈ వాక్యం వాళ్ల పాఠ్యపుస్తకంలో ఉంటే పరీక్షకు ముందు రోజు చదివి మర్నాడు మరిచిపోయేవాళ్లు. కాగితం తీసి పట్టిక చూపించాక రెండు జట్లూ తామే గెలిచామన్నాయి.

చెట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఇంట్లో ఈపాటికే విని ఉంటారు. మడచెట్టు ఆకును నాకితే ఉప్పగా ఉంటుంది. తాగిన ఉప్పును అది ఆకుల మీదుగా బయటికి పంపేస్తుంది. ఉప్పుపొన్న కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి మునక్కాయలా వేలాడుతుంది. తిల్ల చెట్టును మాత్రం ముట్టుకోనివ్వలేదు, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచే శ్వాసవేళ్లను చదరపు మీటరులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించాం. సగంలో లెక్క తప్పి మొదటికొచ్చిన జట్లే ఎక్కువ.

పిల్లలంతా ఆశపడింది బావురు పిల్లి కోసం. చేపలు పట్టి తినే పిల్లి, ఈ అడవికి పెద్ద పేరు తెచ్చినది. అది కనిపించలేదు. రాత్రుళ్లు తిరిగే జంతువు ముప్పై ఆరు మంది గోలకు బయటికి వస్తుందా? మూడో రోజు మెత్తటి ఒండ్రు మీద పాదముద్రలు దొరికాయి. కొంత దూరంలో నీటికుక్క విసర్జించినది దొరికింది, దాన్నిండా చేప పొలుసులు, పీత పెంకు ముక్కలు. పాదముద్ర బావురు పిల్లిదేనని సగం మంది, ఊరి పిల్లిదని మిగిలినవాళ్లు. ఒక అబ్బాయి తన నోటుపుస్తకంలో ముద్రను కొలిచి, బొమ్మ వేసి, కింద "ఎవరిదో తెలియలేదు" అని రాసి సంతకం పెట్టాడు. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో పిల్లలెవరూ "తెలియలేదు" అని రాసి సంతకం పెట్టగా చూడలేదు. మన పరీక్షల్లో ఆ మాటకు సున్నా వేస్తాం. నేనైతే ఆ పేజీకి ఏ మార్కూ వేయకుండా, ఎర్ర సిరా తగలకుండా తిరిగి ఇచ్చాను.

ఒక తండ్రిగారు ఫోను చేసి, ఐదు రోజుల పాఠాలు పోయాయి కదా, ఇది మార్కులకు ఏం పనికొస్తుందని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నిజం చెప్పాలంటే ఈ ఏడాది మార్కులకు పెద్దగా పనికిరాదు. పోయిన గణితం పీరియడ్లు రెండు శనివారాల్లో పూర్తిచేస్తాం. అంతకుమించి మాట ఇవ్వలేను.

ఇక మా పొరపాటు. మూడో రోజు బూట్లు బురదలో కూరుకుపోతున్నాయని విసుగెత్తి, పిల్లలు వట్టికాళ్లతో దిగుతామంటే నేనే ఒప్పుకున్నాను. ఆల్చిప్ప పెంకు కోసుకుని ఒక అమ్మాయి అరికాలికి గాయమైంది. వెంటనే కడిగి కట్టు కట్టి, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించాం. ఇప్పుడు పరుగెడుతోంది. ఆమె తల్లిదండ్రులకు అప్పుడే చెప్పాను, మీ అందరికీ ఇప్పుడు చెబుతున్నాను. ఇకపై చీలమండ దాకా తాడు బిగించే బూట్లు లేకుండా ఎవరినీ దించం.

ఆడపిల్లలను బురదలోకి, పడవల్లోకి దించడం అవసరమా అని ఇద్దరు అడిగారు. పడవలో అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయి, అటవీ శాఖ గైడు ఉన్నారు, ఇద్దరు టీచరమ్మలు ఉన్నారు. బురద ఆడా మగా చూడలేదు.

మరుగుదొడ్లు కడిగే వంతు అందరికీ పడింది. ఆ పల్లెలో మంచినీళ్లు ట్యాంకరు వస్తేనే, కాబట్టి స్నానానికి మనిషికి ఒక బకెట్టు. రెండో రాత్రి కొందరు ఏడ్చారు, ఇంటి మీద బెంగతో కొందరు, వాళ్లను చూసి కొందరు. ఫోన్లు లేవు కనుక ఇంటికి ఒక్కో కార్డు రాయించాం. అన్నీ చదవలేదు గాని, ఒకటి నాకు చూపించి పోస్టు చేశారు: "అమ్మా, బాగున్నాను. దోమలు కూడా బాగున్నాయి." చివరి రోజు ఊరివాళ్లు మండపీతల పులుసు వండిపెట్టారు. శాకాహారులకు ముద్దపప్పు, ఆవకాయ. ఇంట్లో వంకాయ ముట్టని పిల్లలు ఇక్కడ మారు వడ్డించుకుని తిన్నారని చెబితే మీరు నమ్మరు, కాని తిన్నారు.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి పిల్లల నోటుపుస్తకాలను హాల్లో బల్లల మీద పెడతాం. అట్టలు వేయించలేదు, అక్షరదోషాలు దిద్దించలేదు, కొన్ని పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. దయచేసి వచ్చి చదవండి. పక్కింటి పిల్లల పుస్తకంతో పోల్చకండి, "ఇది తప్పు కదా" అని అక్కడికక్కడ సరిదిద్దకండి. తొమ్మిదో తరగతి శిబిరానికి అంగీకార పత్రాలు కూడా అప్పుడే ఇస్తాం.

చివరగా, కార్యాలయంలో మూడు కాన్వాసు బూట్లు ఉన్నాయి. బురదలోంచి పైకి తీసి కడిగి ఆరబెట్టాం. మూడూ ఎడమకాలివే. మీ ఇంట్లో కుడికాలి బూటు ఒంటరిగా ఉంటే వచ్చి తీసుకువెళ్లగలరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు