మా అమ్మాయి మోకాలికి తగిన డాక్టరును చూపించిన అందరికీ

మా అమ్మాయి మోకాలికి దెబ్బ తగిలిందని, ఆటల్లో తగిలే దెబ్బలు చూసే ఆర్థోపెడిక్ సర్జన్ ఎవరైనా తెలిస్తే చెప్పమని అడిగినప్పుడు ఇంతమంది పలుకుతారనుకోలేదు. ఆపరేషన్ బాగా జరిగింది, పిల్ల కోలుకుంటోంది. ఎవరికి వారికి జవాబు రాయలేకపోయాను, అందుకే ఇక్కడ చెబుతున్నాను.

బాస్కెట్‌బాల్ ఆడుతూ ఎగిరి కిందికి దిగినప్పుడు మోకాలు లోపలికి మడతపడింది. ఎవరూ తోయలేదు, ఎవరూ తగల్లేదు. టప్పుమన్నదట, కొద్ది గంటల్లోనే ఉబ్బిపోయింది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి. ఎమ్మారైలో మాత్రం ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంటు, అంటే గట్టి పట్టీ లాంటిది) పూర్తిగా తెగిందని, ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందని తేలింది.

మొట్టమొదటి దణ్ణం, ఈ ఆపరేషన్ తాను చెయ్యనన్న డాక్టరు గారికి. మోకీళ్ల మార్పిడిలో పెద్ద పేరున్న మనిషి. రిపోర్టు చూసి, "అమ్మా, నేను రోజూ చేసేది పెద్దవాళ్ల మోకీళ్లు. పాపకు పదమూడేళ్లు, ఎముకలింకా పెరుగుతున్నాయి. ఈ వయసు పిల్లలకు ఏసీఎల్ తరచుగా చేసేవాళ్ల దగ్గరికే వెళ్లండి" అన్నారు. వచ్చిన కేసును వదులుకుని మరీ చెప్పిన మాట అది. అప్పటిదాకా ఆర్థోపెడిక్ డాక్టరంటే ఎవరైనా ఒకటే అనుకునేవాళ్లం.

ఆయన చెప్పాకే తెలిసింది. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర గ్రోత్ ప్లేట్లుంటాయి. కాలు పొడవు పెరిగేది ఎక్కువగా అక్కడి నుంచే. కొత్త లిగమెంటు అమర్చడానికి ఎముకల్లో రంధ్రాలు వెయ్యాలి. పెద్దవాళ్లకు వేసినట్టే వేస్తే అవి ఆ ప్లేట్ల గుండా పోతాయి. అక్కడ ఎముక అతుక్కుపోతే కాలు పొట్టి కావచ్చు, వంకర తిరగనూ వచ్చు.

తరువాతి దణ్ణం ఒక ఫిజియోథెరపిస్టు గారికి. ఆమె మాకు పేర్లు చెప్పలేదు, ఏమేం అడగాలో కాగితం మీద రాసిచ్చారు. ఏడాదికి ఎన్ని ఏసీఎల్‌లు చేస్తారు, వాటిలో చిన్నపిల్లలవి ఎన్ని? కొత్త లిగమెంటుగా అమర్చే గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీస్తారు, అక్కడి నుంచే ఎందుకు? మెనిస్కస్ కుడతారా, కత్తిరించి తీసేస్తారా? మళ్లీ ఆటకు పంపేది దేన్ని చూసి? ఇవన్నీ డాక్టర్లను అడగడమా అని జంకాను. ఒకాయన విసుక్కున్నారు కూడా. ఆ తర్వాత కలిసిన డాక్టరమ్మ మాత్రం కాగితం ముందుకు లాక్కుని, బొమ్మ గీసి ఒక్కొక్కటే చెప్పారు. ఇంక వేరే చోట వెతకాల్సిన పని లేకపోయింది.

ఇంకా ఎంత పెరుగుదల మిగిలి ఉందో తెలుసుకోవడానికి ఆవిడ చేతికి ఎక్స్‌రే తీయించారు (మోకాలి దెబ్బకు చేతి ఎక్స్‌రే ఏమిటని మా అత్తగారు ఇప్పటికీ అంటారు). చివర ఎముక ముక్కలుండే గ్రాఫ్ట్ ఈ వయసులో వద్దని తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్ నుంచి తీశారు. మెనిస్కస్ కుట్టారు. అంతకు ముందు వాపు దిగి, కాలు పూర్తిగా చాపగలిగే దాకా ఆగమన్నారు. వాపు మీద ఆపరేషన్ చేస్తే మోకాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉందట. కానీ చిరిగిన మెనిస్కస్ అడ్డుపడి మోకాలు కదలకుండా ఇరుక్కుపోతే మాత్రం ఆలస్యం చెయ్యకూడదని కూడా చెప్పారు.

కొడుక్కి ఇదే ఆపరేషన్ చేయించిన ఒక అమ్మ రాసిన మాటలు ఇప్పుడు రోజూ పనికొస్తున్నాయి. "నొప్పి పోగానే పిల్ల కోర్టులోకి దిగుతానంటుంది. అప్పటికి గ్రాఫ్ట్ ఇంకా కుదురుకోదు, గట్టిగా పట్టుకోండి" అన్నారు. అచ్చం అలాగే జరుగుతోంది. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్ల మీద 2016లో వచ్చిన డెలావేర్-ఓస్లో అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ దెబ్బ తగలడం సుమారు సగానికి తగ్గింది. డాక్టరమ్మ పిల్లలకు ఏడాది ఆగితేనే మేలన్నారు. ఆ పైన ఒంటికాలి గెంతులో దెబ్బతిన్న కాలు రెండోదానితో కనీసం 90 శాతం సరితూగాలి. ఇంట్లో దీని మీద అలకలు నడుస్తూనే ఉన్నాయి. కోచ్ గారు స్కోరు రాసే పని అప్పగించి కొంత చల్లార్చారు, ఆయనకూ కృతజ్ఞతలు.

ఇలాంటి దెబ్బతో డాక్టరు కోసం వెతుకుతున్నవాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఫిజియో గారు రాసిచ్చిన ఆ కాగితం ఫోటో తీసి పంపిస్తాను. ఆవిడ అనుమతి ముందే అడిగాను, తప్పకుండా ఇవ్వమన్నారు.